లారీ గేరాయిల్ మార్పు: ఒక వాక్యానికి ప్రతిపద వ్యాఖ్య

ఆదోని మార్కెట్ యార్డుకు కొత్త పత్తి దసరా దగ్గర పడుతుండగా రావడం మొదలవుతుంది. సంక్రాంతి దాటినా ఆ సందడి తగ్గదు. ఆ నాలుగైదు నెలలు ఈ ప్రాంతపు లారీలకు ఊపిరి సలపదు. పల్లెల నుంచి విడి పత్తి, జిన్నింగు మిల్లుల నుంచి ఒక్కోటి 170 కిలోల బేళ్లు, మధ్యలో వేరుశనగ, ఉల్లి, ఎండుమిర్చి. హగరి దగ్గర మొదలై ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం మీదుగా రాయచూరు పోయే 167వ జాతీయ రహదారి మీద రాత్రీ పగలూ బండ్లే. సీజన్ ముగిశాక అవే బండ్లు ఇళ్ల ముందు, మిల్లు గోడల వెంబడి నిలబడి ఉంటాయి. సొంత బండి కొని తానే తోలుకునేవాడికి తీరిక దొరికేది అప్పుడే. పెద్ద పనిముట్లు లేకుండా ఇంటి దగ్గర చేసుకోదగ్గ పనుల్లో గేర్ బాక్స్ ఆయిల్ మార్చడం ఒకటి.

ఇంజన్ ఆయిల్ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. దానికి డిప్‌స్టిక్ ఉంది, డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం ఉంది, తగ్గితే ఇంజనే అరిచి చెబుతుంది. గేర్ బాక్సుకు ఇవేవీ లేవు. అందులో ఆయిల్ కాలిపోదు, పొగ రాదు, సీలు కారకపోతే ఏళ్ల తరబడి చుక్క తగ్గదు. అందుకే దాన్ని మరిచిపోతారు. అడిగితే, "సౌండ్ వస్తే చూద్దాం లేప్పా" అంటారు. సౌండ్ వచ్చిందంటే బేరింగో గేరు పన్నో అప్పటికే అరిగిందని అర్థం. అప్పుడు ఆయిల్ మార్చినా అరిగిన ఇనుము తిరిగి రాదు.

షెడ్డుల్లో మేస్త్రీలు పని చేస్తూ ముక్కలు ముక్కలుగా చెప్పే మాటలను ఒక్క వాక్యంగా కూర్చాను. దాన్ని ముందు పెట్టి, ఒక్కో మాటకూ వ్యాఖ్య రాస్తాను.

సమనేల మీద బండి నిలిపి, అడ్డు పెట్టి, వేడి ఆరకముందే, ముందు పై ప్లగ్గు, తర్వాత కింది ప్లగ్గు విప్పి, దిగిన ఆయిల్ చూసి, అయస్కాంతం తుడిచి, బ్రీదర్ ఊది, కొత్త వాషర్ వేసి, తగిన ఆయిల్ అంచు పొర్లేదాకా పోసి, నడిపి, మళ్లీ చూడు.

సమనేల మీద: లారీ గేర్ బాక్సులో ఆయిల్‌కు కొలత, పక్కన ఉండే నింపే రంధ్రమే. ఆ రంధ్రపు కింది అంచు దాకా ఆయిల్ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. బండి ముక్కు పైకో కిందికో ఉంటే, ఒక పక్కకు ఒరిగితే, రంధ్రం దగ్గర నిండినట్టు కనిపించి లోపల తక్కువో ఎక్కువో అవుతుంది. మన ఊళ్లలో ఇంటి ముందు వీధి సాధారణంగా కాలువ వైపు వాలి ఉంటుంది కనుక, వీధిలో పని పెట్టుకునేముందు వాలు చూసుకోవాలి. ఇంకో సంగతి, నేల గట్టిదనం. ఆదోని చుట్టూ ఉన్న నల్లరేగడి ఎండినప్పుడు రాయిలా కనిపిస్తుంది గానీ తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది. వాన పడ్డ మర్నాడు అలాంటి నేల మీద జాకీ పెడితే ఒక పక్క దిగబడుతుంది. గచ్చు చేసిన మిల్లు ఆవరణో, కాటా ముందరి చదునో దొరికితే అక్కడికి పోవడం మేలు.

అడ్డు పెట్టి: ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ రాయో చెక్కదిమ్మో అడ్డం వేయాలి, హ్యాండ్‌బ్రేక్ ఉన్నా సరే. లారీ ఎత్తుగా ఉంటుంది కనుక జాకీ లేకుండానే కిందికి దూరవచ్చు. పికప్ బండ్లకు అంత ఎత్తు ఉండదు, లేపాలి. లేపిన బండి కింద జాకీని నమ్మి ఎవరూ పడుకోకూడదు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించి, బండిని చేత్తో ఊపి చూసిన తర్వాతే లోపలికి పోవాలి. ఈ ఒక్క మాటలో మాత్రం ఎవరి అనుభవానికీ మినహాయింపు ఇవ్వను.

వేడి ఆరకముందే: 90 నంబరు గేరాయిల్ 100 డిగ్రీల వేడి దగ్గర 13.5 నుంచి 18.5 సెంటీస్టోకుల చిక్కదనంతో ఉండాలని ప్రమాణం. అదే ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఇంచుమించు పది రెట్లు చిక్కగా ఉంటుంది. అంటే మన వేసవి మధ్యాహ్నం నీడలో ఊరికే నిలబడ్డ బండిలో కూడా ఆయిల్ బద్ధకంగానే దిగుతుంది, చలికాలపు పొద్దున సంగతి చెప్పనే అక్కర్లేదు. పది పదిహేను కిలోమీటర్లు తోలి వచ్చి విప్పితే ధారగా దిగుతుంది. ఇంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. నడిచి వచ్చిన బండిలో ఇనుప రజను ఆయిల్‌లో తేలుతూ ఉంటుంది కనుక ఆయిల్‌తో పాటే బయటికి వస్తుంది. రెండు రోజులు నిలబడ్డ బండిలో అది అడుగున పేరుకుని, పాత ఆయిల్ పోయినా తాను మాత్రం అక్కడే ఉండి కొత్త ఆయిల్ కోసం కాచుకుంటుంది. అయితే ఆగీఆగగానే విప్పితే చేయి కాలుతుంది. బండి ఆపి, సామాను సర్దుకుని, పావుగంట గడిచాక మొదలుపెట్టడం మంచిది. చేతికి తొడుగు ఉండాలి. ప్లగ్గు చివరి చుట్టు తిరిగేటప్పుడు ముఖం దాని కింద ఉండకూడదు.

ముందు పై ప్లగ్గు: ఈ వాక్యంలో ప్రాణం ఈ మాటే. కింది ప్లగ్గు విప్పితే ఆయిల్ దానంతటదే దిగుతుంది, కష్టం లేదు. కానీ ఆయిలంతా దిగిపోయాక పై ప్లగ్గు రాలేదనుకోండి. తల అరిగిందో, తుప్పు పట్టి కరుచుకుపోయిందో, ఎవరో ఎప్పుడో పైపు వేసి బిగించారో. ఇప్పుడు లోపల చుక్క లేదు, పోసే దారి లేదు, బండిని షెడ్డు దాకా తోలడానికి కూడా వీల్లేదు. అందుకే ముందు పై ప్లగ్గు కదులుతుందో లేదో చూడాలి. కదలకపోతే పాత ఆయిల్‌తోనే బండి తోలుకుని మేస్త్రీ దగ్గరికి పోవచ్చు, నష్టమేమీ లేదు. పై ప్లగ్గు తీసి ఉంచితే ఇంకో లాభం: గాలి లోపలికి పోతుంది కనుక కింద ఆయిల్ గుటకలు వేయకుండా ఒకే ధారగా దిగుతుంది.

ప్లగ్గు మొండికేస్తే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. చుట్టూ మట్టి గీరి, బ్రష్షుతో శుభ్రం చేసి, ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే పల్చటి నూనె కొట్టి ఉంచాలి. తల మీద సుత్తెతో రెండు మూడు గట్టి దెబ్బలు వేస్తే మరల్లోని తుప్పు పగులుతుంది. సరిగ్గా పట్టే రింగు పానా గానీ సాకెట్ గానీ వాడాలి. ముందే అరిగిన ప్లగ్గు తలకు అటూ ఇటూ ఊగే పానా వేస్తే మూలలు గుండ్రమవుతాయి, ఆ తర్వాత వెల్డింగ్ చేసి నట్టు అతికించి తీయాల్సిందే. ఆ పని ఇంటి దగ్గర పెట్టుకోవద్దు. ఇంకో హెచ్చరిక. ప్లగ్గు విప్పేముందు దాని చుట్టుపక్కల జానెడు మేర తుడవాలి. బండి కింద పత్తి పీచు, దుమ్ము, గ్రీజు కలిసి మందంగా పేరుకుని ఉంటాయి. ప్లగ్గు తీయగానే అవి లోపల పడతాయి.

తర్వాత కింది ప్లగ్గు: దీని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. కింద వెడల్పు తొట్టి పెట్టండి. ఎన్ని లీటర్లు వస్తుందో ముందే బండి పుస్తకంలో చూసి అంతకు మించి పట్టే తొట్టి తెచ్చుకోండి. పూర్తిగా చుక్కలు ఆగేదాకా అరగంట వదిలేయండి.

దిగిన ఆయిల్ చూసి: ఆయిల్ మార్చడమంటే పాతది పారబోసి కొత్తది పోయడమని అనుకునేవాళ్లే ఎక్కువ. నా దృష్టిలో పోయడం సగం పనే. గేర్ బాక్సు మూత తీయకుండా దాని లోపలి ఆరోగ్యం తెలుసుకునే అవకాశం ఏళ్లకోసారి వస్తుంది. ఆ అవకాశాన్ని మురిక్కాలువ పాలు చేయకూడదు. తెల్ల పింగాణీ పళ్లెం ఒకటి దగ్గర పెట్టుకుని, దిగే ధార నుంచి గరిటెడు అందులో పట్టుకుని, ఎండలోకి తెచ్చి, పళ్లెం మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి.

నల్లగా, గోధుమ రంగుగా ఉంటే భయం లేదు, తిరిగిన ఆయిల్ రంగు మారుతుంది. ముక్కుకు మాడు వాసన ఘాటుగా తగిలితే బాక్సు అతిగా వేడెక్కుతోందని అర్థం: ఆయిల్ తక్కువైందో, బరువు మీరిందో, తక్కువ రకం ఆయిల్ పోశారో. గంధకపు వాసన వేరు. అది కొత్త గేరాయిల్‌లోనే ఉంటుంది, అది మాడు కాదు. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. పళ్లెం వంచినప్పుడు ఎండలో సన్నని బంగారు మెరుపులు పొరలు పొరలుగా కదిలితే అవి ఇత్తడి రేణువులు. గేర్లు కలిసేముందు వేగాలు సమం చేసే సింక్రోనైజర్ రింగులు ఇత్తడివో కంచువో ఉంటాయి, అరిగేది అవే. కొద్దిగా ఉంటే వయసు వల్ల అనుకోవచ్చు. పళ్లెమంతా మెరిస్తే ఆ బండికి ఇప్పటికే ఏదో గేరు వేసేటప్పుడు కరకర వస్తూ ఉండాలి. ఒకసారి డ్రైవర్‌ను అడిగి చూడండి, రెండోదో మూడోదో గేరు పేరు చెబుతాడు. పళ్లెంలో కనిపించినదీ డ్రైవర్ చేతికి తెలిసినదీ ఒకటైతే రోగం తేలినట్టే. గేర్ బాక్సు విప్పకుండా ఇంత సంగతి చెప్పే పరీక్ష ఇంకొకటి లేదు.

అయస్కాంతం తుడిచి: చాలా గేర్ బాక్సుల కింది ప్లగ్గు లోపలి కొనకు చిన్న అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉండడం సహజం. వేలి మీద వేసుకుని బొటనవేలితో నలిపితే గరుకు తగలకూడదు. గరుకు తగిలినా, గోరంత రేకులు, సూది మొనల్లాంటి ముక్కలు, పన్ను విరిగిన తునకలు కనిపించినా ఆయిల్ పోయడం ఆపి మేస్త్రీని పిలవాలి. ఆ తునకలను ఒక కాగితంలో పొట్లం కట్టి ఇస్తే, వంపు చూసి అది బేరింగు ముక్కో గేరు పన్నో చేయి తిరిగినవాడు చెబుతాడు.

తుడవడానికి మిల్లుల నుంచి వచ్చే దూది వేస్టు ఇక్కడ చవక, ప్రతి షెడ్డులోనూ అదే. బయట చేతులు తుడుచుకోవడానికి సరే గానీ ప్లగ్గుకూ రంధ్రానికీ వాడొద్దు. దాని పోగులు మరల్లో చిక్కుకుని ఆయిల్‌తో లోపలికి పోతాయి. ఎన్నోసార్లు ఉతికి పీచు రాలడం ఆగిపోయిన నేత తువ్వాలు దీనికి సరైనది. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో పాత మగ్గం గుడ్డకు ఏ ఇంట్లోనూ కరువు ఉండదు.

బ్రీదర్ ఊది: గేర్ బాక్సు పైన, వెనక ఇరుసు హౌసింగు పైన వేలెడంత చిన్న గొట్టమో టోపీయో ఉంటుంది. చాలామంది దాన్ని గమనించనే గమనించరు. బండి నడిచినకొద్దీ లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆగి చల్లారితే సంకోచిస్తుంది. ఆ గాలి పోయి రావడానికే ఈ దారి. రేగడి మట్టి రోడ్ల మీద పత్తి కోసం చేల దాకా పోయే బండ్లకు ఇది మొదట మూసుకుపోతుంది. మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీలు దగ్గర కారడం మొదలవుతుంది. సీలు మార్చినా మళ్లీ కారుతుంది, మళ్లీ మారుస్తారు, నేరమంతా సీలు కంపెనీ మీద వేస్తారు. వెనక హౌసింగు సీలు కారితే ఆయిల్ బ్రేకు లైనర్ల మీద పడుతుంది, అప్పుడిది ఖర్చు సమస్య కాదు, ప్రాణ సమస్య. కిరసనాయిల్‌లో ముంచి, తుడిచి, గాలి కొట్టే దుకాణంలో ఒక్కసారి ఊదించుకుంటే తీరిపోయేది ఇది.

నీళ్లు చేరడం కూడా ఎక్కువగా ఈ దారి నుంచే. ఎండలో నలభై కిలోమీటర్లు నడిచి కాలిన హౌసింగు, పొంగే వంకలో దిగగానే ఒక్కసారిగా చల్లబడుతుంది. లోపలి గాలి ముడుచుకుని బయటి నీటిని బ్రీదర్ నుంచీ సీళ్ల నుంచీ పీల్చుకుంటుంది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయమూ కర్నూలూ మునిగినప్పటి లాంటి వరద అక్కర్లేదు. మామూలు వానకాలంలో ఇరుసు మునిగే వంక ఒకటి దాటినా చాలు. అలా దాటిన బండికి కిలోమీటర్ల లెక్క చూడకుండా ఆ వారమే కింది ప్లగ్గు కాస్త వదులు చేసి నాలుగు చుక్కలు పట్టి చూడాలి. నీళ్లు బరువు కనుక అడుగున నిలిచి ముందు అవే వస్తాయి.

ఇక్కడ ఒక శంక. ఆయిల్ మార్పు అంటే ఫిల్టర్ మార్పు కూడా కదా, వాక్యంలో ఫిల్టర్ మాటే లేదేమి? సమాధానం: మన లారీల మామూలు గేర్ బాక్సులో సాధారణంగా ఫిల్టర్ ఉండదు. గేర్లు ఆయిల్ మడుగులో మునిగి తిరుగుతూ పైవాటికి చిమ్ముతాయి. వడకట్టే పని అయస్కాంతమూ అడుగూ కలిసి చేస్తాయి. ఫిల్టర్ ఉండేది ఆటోమేటిక్ గేర్ బాక్సులో. అక్కడ ఆయిల్ తడపడం ఒక్కటే చేయదు. క్లచ్చులను నొక్కేదీ, ఇంజన్ శక్తిని టార్క్ కన్వర్టర్‌లో దాటించేదీ, సన్నని కవాటాల్లో పరుగెత్తి ఏ గేరు పడాలో అమలు చేసేదీ ఆయిలే. ఆ దారుల్లో చిన్న నలుసు ఇరుక్కున్నా గేరు పడదు, అందుకని పంపుకు ముందే వడకట్టాలి.

అమెరికాలో జనరల్ మోటార్స్ 1939లో హైడ్రామాటిక్ పేరుతో ఓల్డ్స్‌మొబీల్ కార్లకు ఇలాంటి గేర్ బాక్సు తెచ్చింది. దాని ఆయిల్‌కు 1949లో టైప్ ఏ అనే ప్రమాణం, 1967లో డెక్స్‌రాన్ అనే ప్రమాణం వచ్చాయి. క్లచ్చు పలకలు జారకుండా, అదే సమయంలో కుదుపు లేకుండా పట్టుకునేందుకు అప్పట్లో ఆ ఆయిల్‌లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికా తిమింగలాల ఉత్పత్తులను నిషేధించాక రసాయన శాస్త్రవేత్తలు ప్రత్యామ్నాయాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంజన్ ఆయిల్‌తో పొరపాటు పడకుండా ఈ ఆటోమేటిక్ ఆయిల్‌కు ఎర్రరంగు వేస్తారు. టెక్సస్‌లోనో ఇంకెక్కడో ఉద్యోగం చేస్తూ పికప్ ట్రక్కు కొనుక్కున్న మన పిల్లలు ఇంటి గ్యారేజీలో చేసుకునేది ఈ ఆయిల్, ఫిల్టర్ మార్పే. అక్కడ చాలా మోడళ్లలో కింది ప్లగ్గే ఉండదు. అడుగు పళ్లెం బోల్టులన్నీ విప్పి, ఒక మూల ముందు దించి, ఆయిల్ కార్చి, లోపలి ఫిల్టర్ లాగి, కొత్తది పెట్టి, కొత్త ప్యాకింగుతో పళ్లెం మళ్లీ బిగించాలి. బోల్టులు చిన్నవి. ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించకపోతే రేకు అంచు వంగి కారుతుంది. పళ్లెం దించినా టార్క్ కన్వర్టర్‌లో చాలా ఆయిల్ మిగిలే ఉంటుంది కనుక బయటికి వచ్చినంత కొలిచి అంతే పోయాలి. లెవెల్ చూసేది కూడా మన బండికి మాదిరిగా ఇంజన్ ఆపి కాదు, చాలావాటికి ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ చెప్పినంత వేడెక్కాక.

ఆలిసన్ కంపెనీ చెన్నై దగ్గర ఒరగడంలో ఇలాంటి భారీ ఆటోమేటిక్‌లు తయారు చేస్తోంది గానీ ఆదోని రోడ్డు మీద సరుకు లారీకి అది కనిపించడం అరుదు. క్లచ్ పెడల్ లేని కొత్త లారీలు కొన్ని వచ్చాయి. వాటిలో గేరు వేసే చెయ్యి మాత్రమే యంత్రానిది, లోపల ఉన్నవి మామూలు గేర్లే. పెడల్ లేదు కదా అని వాటిలో ఎర్ర ఆయిల్ పోయకూడదు. పుస్తకంలో రాసిన గేరాయిలే పోయాలి.

అయినా ఎర్ర ఆయిలూ ఫిల్టరూ మన లారీలో లేకపోలేదు, వేరే చోట ఉన్నాయి. పవర్ స్టీరింగులో చాలా మోడళ్లకు పోసేది ఆటోమేటిక్ గేర్ బాక్సుల కోసం పుట్టిన ఆ ఎర్ర ఆయిలే, డబ్బా మీద ఏటీఎఫ్ అని ఉంటుంది. స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత తీసి, స్ప్రింగు ఎత్తితే, లోపల కాగితపు ఫిల్టర్ ఉంటుంది. దాన్ని మార్చేవాళ్లు నూటికి ఎంతమందో గానీ, స్టీరింగు బరువెక్కిందని పంపు మార్చేవాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు. పని కష్టం కాదు. ముందు ఇరుసు లేపి స్టాండ్ల మీద పెట్టి, తిరుగు పైపు విప్పి డబ్బాలోకి వదిలి, స్టీరింగు ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పితే పాతది దిగుతుంది. కొత్త ఫిల్టర్ పెట్టి, ఆయిల్ పోసి, ఇంజన్ మెల్లగా నడుపుతూ మళ్లీ రెండు కొసలకూ తిప్పుతూ బుడగలు ఆగేదాకా పోస్తూ ఉండాలి. కొసకు తిప్పి గట్టిగా పట్టి ఉంచొద్దు. అప్పుడు పంపు పూర్తి ఒత్తిడితో కొట్టుకుంటుంది, ఆయిల్ క్షణాల్లో వేడెక్కుతుంది.

కొత్త వాషర్ వేసి: రాగి వాషరైతే ఒకసారి బిగించాక నలిగి గట్టిపడుతుంది. కొత్తది కొన్ని రూపాయలే. దొరకని చోట పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే రాగి మళ్లీ మెత్తబడుతుంది, ఇనుముకు ఇది తారుమారు. బిగింపు గట్టిగా ఉండాలి గానీ పానాకు పైపు తొడిగి వేలాడొద్దు. గేర్ బాక్సు పెంకు చాలావాటికి అల్యూమినియం, మర తెగితే ప్లగ్గు కోసం పెంకు మార్చాల్సి వస్తుంది.

తగిన ఆయిల్: ఈ మాట దగ్గర దుకాణంలో ఎక్కువ తప్పులు జరుగుతాయి. 90 నంబరు గేరాయిల్ 40 నంబరు ఇంజన్ ఆయిల్‌కు రెండింతలు చిక్కనని చాలామంది నమ్మకం. కాదు. రెండింటి నంబర్లు రెండు వేర్వేరు కొలతబద్దలవి. 100 డిగ్రీల దగ్గర 15డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల మధ్య ఉంటుంది. పైన చెప్పిన 90 గేరాయిల్ అంకెలతో పోల్చండి, దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. ఇంజన్ ఆయిలే కొన్ని గేర్ బాక్సులకు కంపెనీలు సూచించడం వెనక ఉన్నది ఇదే. నిజంగా చిక్కనిది 140. మన దగ్గర అలవాటుగా వెనక హౌసింగులో పోసేది అదే.

చిక్కదనం కంటే ముఖ్యమైనది డబ్బా మీద రాసే జీఎల్-4, జీఎల్-5 రకాల తేడా. హౌసింగులో పినియన్, క్రౌన్ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, జారుతూ రాసుకుంటాయి. అంత ఒత్తిడిలో ఆయిల్ పొర తెగిపోతుంది. అక్కడ ఆదుకునేవి ఆయిల్‌లోని గంధకం, భాస్వరం సమ్మేళనాలు. పన్ను వేడెక్కిన చోట అవి ఉక్కుతో చర్య జరిపి పలుచటి పొరగా మారతాయి, ఉక్కు బదులు ఆ పొర అరుగుతుంది. డబ్బా మీద ఈపీ అని రాసేది దీని గురించే. జీఎల్-5లో ఈ మందు జీఎల్-4 కంటే సుమారు రెట్టింపు. హౌసింగుకు అది అవసరం. సింక్రోనైజర్ ఉన్న గేర్ బాక్సుకు అదే మందు ఇబ్బంది. కొన్ని రకాలు ఇత్తడిని తింటాయి, పైగా రింగు పట్టుకోవాల్సిన చోట జారుడు పెరిగి గేరు పడటం కష్టమవుతుంది. ఎక్కువ నంబరు కదా మంచిదేనని గేర్ బాక్సులో జీఎల్-5 పోయించేవాళ్లను ఆపాలి. రెండింటికీ ఒకే డబ్బా సరిపోతుందని ఎవరైనా చెబితే, డబ్బా వెనక ఇత్తడికి హాని లేదని, బండి పుస్తకంలో ఆ రకం ఒప్పుకున్నామని ఉంటేనే నమ్మండి.

కందెన సంగతి ఈ నేలకు కొత్త కాదు. ఎద్దుల బండి ఇరుసుకు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి పెట్టినవాళ్లు మన తాతలు. ఆదోని యార్డుకు ఇప్పటికీ ఆముదాలు వస్తాయి. ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో కాస్ట్రాల్ అని పేరు పెట్టింది ఈ ఆముదం కలిపిన ఆయిల్‌కే. మొదటి ప్రపంచయుద్ధంలో రోటరీ ఇంజన్ విమానాలు ఎగిరింది ఆముదంతోనే. ఉక్కును అంటిపెట్టుకునే గుణం దానికి అంత గొప్పది. అలాగని ఇప్పటి గేర్ బాక్సులో కలపడానికి వీల్లేదు. అది పెట్రోలియం ఆయిల్‌లో సరిగా కలవదు, వేడికి బంకగా మారుతుంది.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలనేది ఇంకో శంక. మోడల్‌ను బట్టి, ఆయిల్ రకాన్ని బట్టి పుస్తకంలో రాసి ఉంటుంది. అదే పుస్తకంలో దుమ్ము, ఎండ, బరువు ఎక్కువైన చోట ముందే మార్చమని కూడా ఉంటుంది, ఆ పేజీ మన కోసమే రాసినట్టు ఉంటుంది. 2018 జులైలో కేంద్రం రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచింది. 1613 మోడల్ లాంటి పాత బండ్లు 16 టన్నుల లెక్కతో తయారైనవి. వాటి మీద కొత్త బండ్లతో సమానంగా ఎత్తాలని చూస్తే ఆ అదనపు భారం ముందు పడేది గేరు పళ్ల మీద, వాటిని కాపాడే ఆయిల్ మీద.

అంచు పొర్లేదాకా పోసి: పక్క రంధ్రంలో గరాటు నిలవదు. చేతి పంపు ఉంటే మేలు, లేకపోతే క్యాబిన్ పక్క నుంచి పొడుగు పైపు దించి పైన గరాటు పెట్టి ఒకరు పోస్తే, కింద ఒకరు చూడాలి. రంధ్రం నుంచి పొర్లి, తర్వాత సన్నని తీగలా మారి ఆగినప్పుడు ప్లగ్గు పెట్టాలి. ఇంకో లీటరు ఎక్కువ పోస్తే బలమని ఆశపడొద్దు. ఎక్కువైన ఆయిల్‌ను గేర్లు చిలికి నురుగు చేస్తాయి. నురుగులో గాలే ఎక్కువ, అది పళ్లను కాపాడదు. వేడి పెరిగి చివరికి సీళ్ల నుంచి కారేదీ ఆ అదనమే.

నడిపి, మళ్లీ చూడు: ఆదోని నుంచి ఎమ్మిగనూరు రోడ్డు మీద పది కిలోమీటర్లు పోయి, అన్ని గేర్లూ వేసి, రివర్స్ కూడా వేసి రండి. ప్లగ్గుల కింద వేలు పెట్టి చూడండి, తడి ఉంటే మరో పావు చుట్టు. బండి ఆపి కాసేపు ఆగాక పై ప్లగ్గు మళ్లీ తీసి లెవెల్ చూసి, తక్కువైతే నింపండి. మొదటిసారి మూలల్లోకి చేరని ఆయిల్ ఇప్పుడు చేరి ఉంటుంది.

దిగిన పాత ఆయిల్ సంగతి ఈ మాట కిందే చెప్పాలి, ఎందుకంటే పని అయిపోయిందని లేచిపోయేది ఇక్కడే. దాన్ని కొత్త ఆయిల్ ఖాళీ డబ్బాల్లోనే నింపి మూత బిగించి, వాడిన ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వాలి. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద వాడిన ఆయిల్ వస్తుంది, రీసైక్లింగ్‌కు పోవాలి. సెంట్రింగ్ పలకలకు పూయడానికి అడిగి పట్టుకుపోయేవాళ్లు ఉంటారు, చెద పట్టకుండా దూలాలకు రాసేవాళ్లూ ఉంటారు. వాటి మీద వాదించను గానీ కాలువలో పోయడం మీద వాదిస్తాను. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు చెరువులకు పట్టి వేసవంతా తాగే ప్రాంతం ఇది. ఒక్క గేర్ బాక్సు ఆయిల్ చాలు, చెరువు నీటి మీద ఎంతో మేర పొర కట్టడానికి.

చివరగా క్యాబిన్ తలుపు లోపలి పక్కన పెయింటుతో మూడు సంగతులు రాయండి: తేదీ, మీటరులో కిలోమీటర్లు, పోసిన ఆయిల్ రకం. పళ్లెంలో ఏం కనిపించిందో కూడా రెండు మాటల్లో రాస్తే ఇంకా మంచిది. మెరుపు ఉందా, నీరు ఉందా, అయస్కాంతం మీద ముద్ద మెత్తగా ఉందా. బండి రేపు ఇంకొకరి చేతికి పోయినా, వచ్చే మార్పు నాడు పళ్లెం వంచేవాడికి పోల్చి చూసుకోవడానికి అది కావాలి.